మూడు వేళ్ల పొడుగు

అల్మాస్‌గూడ పాత ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటుకు సామాన్లు మారుస్తుంటే నాయన వేట తుపాకి మెట్ల మీద పడింది. నా చేతిలోంచే జారింది కాబట్టి ఇంకెవర్నీ తిట్టే వీలు కూడా లేకపోయింది. ఇనుముకు ఏమీ కాలేదు. భుజానికి ఆనించే చెక్క, కుందా అంటారు, రెండుగా విరిగింది.

నాయన పోయాక లైసెన్సు నా పేరు మీదికి మారింది. నేనైతే ఒక్క తూటా కాల్చి ఎరగను. అయినా ప్రతి దసరాకూ దాన్ని తుడిచి, బొట్టు పెట్టి ఆయుధపూజలో ఉంచుతాం.

"ఇరిగినదాన్ని పూజల పెట్టొద్దు బిడ్డా," అంది అమ్మ.

మా ఆవిడ గుంటూరు మనిషి. "పందులూ లేవు, పొలాలూ లేవు. స్టేషన్లో అప్పగించేసి హాయిగా ఉండండి," అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఆవిడ మాట విన్నాక ఇక వదిలే ప్రశ్నే లేదనుకున్నాను.

నాయనంటే మా ఊరికి అడవిపందుల్ని కొట్టిన మనిషి. ఏ పెళ్లిలో కూర్చున్నా కందిచేలో పందిని పడగొట్టిన కథ ఎత్తుకునేవాడు. అమ్మ పక్కనే తమలపాకులకు సున్నం రాస్తూ వినేది. ఆ తుపాకి కూడా పోతే ఆయన రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు.

రెండు దుకాణాల వాళ్లు మా వల్ల కాదన్నారు. చివరికి మలక్‌పేట వైపు ఒక ముసలి మిస్త్రీ దొరికాడు. లైసెన్సు చూసి, విరిగిన ముక్కల్ని కలిపి పెట్టి, చేత్తో కొలిచాడు.

"ఇది కంపెనీ కొలత కాదు సాబ్. మూడు వేళ్లు కోసిన్రు. ఎవరి కోసం?"

నాయన ఆరడుగుల మనిషి. ఎవడో వడ్రంగి పాడుచేసి ఉంటాడన్నాను.

"అతుకేస్తే ఆగదు. కొత్తది చెయ్యాలె. గదే కొలత పెట్టాల్నా?"

"నా భుజానికి సరిపోయేట్టు చెయ్యి."

నాలుగుసార్లు తిరిగి, నెత్తి మీద కూర్చుని చేయించుకున్నాను. దసరా ముందురోజు పొద్దున ఇంటికి తెచ్చి, తూటాలు లేవని మరోసారి చూసుకుని అమ్మ ముందు పెట్టాను.

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని, తుపాకి ఎత్తి భుజానికి ఆనించింది. చెంప దానంతటదే చెక్క మీదికి వాలింది. ఎడమ కన్ను మూసింది. వేలు చాచింది గాని ట్రిగ్గర్ అందలేదు.

"పొడుగు చేయించినవ్ బిడ్డా. నాకు అందుతలేదు."

"నువ్వు కాల్చేదానివా అమ్మా?"

"పొద్దుగూకితే మీ నాయనకు చూపు ఆనకపోతుండె. పందులు చేను ఆగం చేస్తుంటే నేనే పోతుంటి. నాకు అందుతలేదని ఆయనే కోయించిండు."

"మరి పెళ్లిళ్లలో ఆ కథలన్నీ?"

"చెప్పుకోనీ అనుకున్న. ఆయనకు అదొక సంబురం."

నాయన మీద కోపం రాలేదు. ఇన్నేళ్లు ఆయన కోతలే వింటూ, పక్కన కూర్చున్న మనిషిని ఒక్కమాట అడగని నా మీద నాకే వచ్చింది.

తుపాకి, లైసెన్సు పట్టుకుని అప్పుడే బయల్దేరాను. మళ్లీ ఎక్కడికండీ అని మా ఆవిడ అరుస్తూనే ఉంది.

మిస్త్రీ నన్ను చూసి తల పట్టుకున్నాడు. "జర ఆలోచించుండ్రి సాబ్. ఇప్పుడు కోస్తే మీ భుజానికి ఆనదు."

"మూడు వేళ్లు కొయ్యి," అన్నాను. "ఇది మా అమ్మ తుపాకి."