ఆ రోజు బావ అక్కడే ఉన్నాడు

మా బావతో మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకోవాలి. రేకు మీద సుత్తి వేసి వేసి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. అక్క ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరిదాకా వినపడేది. ఆయన్ను అందరూ డబ్బాలాయన అంటారు. నూనె డబ్బా, పిండి డబ్బా, ట్రంకు పెట్టె, దేనికి మూత పట్టకపోయినా అడుగు ఊడినా ఆయన దగ్గరికే రావాలి. జేబులో పట్టకారు లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. నా పెళ్లిలో వంటవాళ్ల గిన్నెకు పిడి బిగిస్తూ కూర్చున్నాడు, ఒక్క ఫోటోలోనూ లేడు. నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషికి పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. షాపులోంచి ఇన్ని డబ్బాలు బయటికి వెళ్లాయంటే ఇంత అమ్మి ఉంటావు, పన్నేది అని. నిజానికి బావ అమ్మింది ఏమీ లేదు. రేకు నూనె మిల్లువాళ్లదే, వాళ్లే తెచ్చి పడేస్తారు. కోసి, మడిచి, అతికించి ఇచ్చినందుకు బావ కూలి తీసుకుంటాడు. ఈ ఒక్క మాట చెప్పుకోవడానికి ఆఫీసరు ఒక రోజు ఇచ్చాడు. చెప్పుకుంటే షాపు నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

"నేనూ వస్తాను బావా," అన్నాను గట్టిగా.

"ఒక్క మాటకి ఇద్దరెందుకురా? నువ్వు డ్యూటీకి పో," అన్నాడు.

అక్క ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఆఫీసు తెరవకముందే వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా మంచినీళ్ల డ్రమ్ము. దాని మూత వంకరపోయి ఒక పక్క లేచి ఉంది, నీళ్లలో దుమ్ము పడుతోంది. ఇంకేం, బావ చేతులు ఊరుకుంటాయా? మూత ఒళ్లో పెట్టుకుని, పట్టకారు తీసి, తల వంచుకుని అంచు మడుస్తూ కూర్చున్నాడు. బంట్రోతు గుమ్మంలో నిలబడి ఇంటిపేరుతో సహా పిలిచాడట, మళ్లీ మళ్లీ పిలిచాడట. బావ మాత్రం మూత బిగించి, గ్లాసెడు నీళ్లు తాగి, సాయంత్రం దాకా పిలుపు కోసం చూశాడు. చివరికి లోపలికి వెళ్లి అడిగితే, "పిలిచాం, మీరు పలకలేదు," అని గుమాస్తా తాళాలు అందుకున్నాడు.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. అవకాశం ఇచ్చినా హాజరు కాలేదని రాసి, వాళ్లకు తోచిన లెక్క కట్టి, పన్నూ జరిమానా వేశారు. అంత సొమ్ము బావ జన్మలో చూసింది కాదు. అయినా ఆయనకు సొమ్ము కన్నా ఆ మాటే గుచ్చుకుంది.

"నేను లేనని ఎలా రాస్తార్రా? పొద్దున్నించీ అక్కడే ఉన్నా కదా," అని కనపడ్డప్పుడల్లా అడిగేవాడు.

నాకు ఒళ్లు మండేది. ఆ ఆఫీసు మీద, ఆ మూత మీద, బావ మీద కూడా.

పన్నుల కేసులు చూసే ప్లీడరు దగ్గరికి వెళ్లాను. "అప్పీలుకు పోతే ముందే కొంత సొమ్ము కట్టాలి. అదెందుకు? మనిషి వచ్చినా అతని మాట వినకుండా ఉత్తర్వు వేశారు. అంత తప్పు కళ్లెదుట కనపడుతుంటే ఆ ఆఫీసరే దాన్ని దిద్దవచ్చు, ఆయనకు ఆ అధికారం ఉంది. అర్జీ పెట్టండి," అన్నాడాయన.

పెట్టాం. నేనే కాళ్లరిగేలా తిరిగాను. ఫైలు పైన ఉందనేవారు, పైకి వెళితే కింద ఉందనేవారు. అర్జీ ఒక గదిలో పడి ఉండగానే వసూళ్ల గదివాళ్లు వ్యాను వేసుకుని వచ్చారు. రేకు కోసే మిషను, అంచు మడిచే మిషను ఎక్కించారు. అర్జీ ఉందండీ అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అది మా సెక్షను కాదన్నారు. బావ వాళ్లను పల్లెత్తు మాట అనలేదు. "ఆ పిడి పట్టుకుని ఎత్తకండి, ఊడుతుంది," అని మాత్రం చెప్పాడు. వేలంలో వాటిని ఎవరో పాత ఇనుము కింద పాడుకున్నారు.

ఆ తర్వాత బావ వాకిట్లో కూర్చుని చొక్కా అంచు మడిచేవాడు, విప్పేవాడు, మళ్లీ మడిచేవాడు. చూడలేక అక్క లోపలికి వెళ్లిపోయేది.

అంతా అయ్యాక అప్పుడు అర్జీ మీద ఆఫీసరు పిలిచాడు. అక్కా బావా నేనూ ముగ్గురం వెళ్లాం.

"ఆ రోజు ఆయన వచ్చారనడానికి ఆధారం ఏముంది?" అన్నాడు ఆఫీసరు.

"మీ డ్రమ్ము మూత బాగుచేశారండీ," అన్నాను. నాకే నవ్వులాటలా అనిపించింది.

ఆఫీసరు బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు నసిగాడు. "అవునయ్యా, ఈయనే. ఎవరో రిపేరు మనిషనుకున్నా. నేను పిలుస్తోంది ఈయన్నే అని తెలీదయ్యా."

ఆఫీసరు లేచి వరండాలోకి వెళ్లాడు. మూత ఎత్తి, అంచు తడిమి, దించాడు. అది చక్కగా కూర్చుంది. తిరిగి వచ్చి ఫైలు తెరిచాడు.

"తప్పు మాదే. ఆ ఉత్తర్వు రద్దు చేస్తున్నాను. మీరు హాజరైనట్టే రాస్తాను. ఇప్పుడు చెప్పండి," అన్నాడు.

నేను బావ భుజం తట్టి చెప్పమన్నట్టు సైగ చేశాను. "రేకు వాళ్లదండీ. కూలి ఒక్కటే నాది," అన్నాడు బావ. అంతే, అంత చిన్న మాట. ఆఫీసరు మేం తెచ్చిన మిల్లు రసీదులు చూసి, పన్ను లేదని రాసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బావ అక్క వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

అక్క ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "ఆ రోజు మీరు ఉన్నారటండీ."

బావ తలాడించాడు. ముఖం కాస్త తేటపడింది. తర్వాత, చెవులు వినపడనివాళ్లు మాట్లాడినట్టే, గది అదిరేలా అడిగాడు. "మరి నా మిషన్లు?"

ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. గుమాస్తా కిటికీ వైపు చూశాడు. ఆ మాట అక్కడ ఎవరికీ వినపడలేదు.