అప్పడం చక్రానికి గాలి

వేగమనేది కాళ్ళలో ఉండదు, సామానులో ఉంటుందని నేను మనసా వాచా నమ్మిన రోజులవి. ఇరవై రెండేళ్ళ వయసు. కోటబొమ్మాళిలో నాన్నగారి ఇనుప సామాను కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి, పొద్దున్నే సైకిల్ తొక్కేవాణ్ణి. జిల్లా జట్టుకి ముగ్గుర్ని ఎంపిక చేసే సైకిల్ పందెం ఆదివారం ఉందని తెలిసింది. ఆ ముగ్గురిలో నేనొకణ్ణని బజారంతా చెప్పుకు తిరిగాను. (అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్పాను.) మా మేనత్త కొడుకు కూడా పందెంలో ఉన్నాడు, మామూలు చక్రాల సైకిలు మీద. "నువ్వెందుకు బావా అనవసరంగా ఆయాసపడతావు" అని వాడి మీద జాలి కూడా పడ్డాను. వాడు "సూద్దారి" అన్నాడు, అంతే.

నా ధీమా అంతా ఒక చక్రం మీద. విశాఖపట్నంలో పందేలు మానేసిన ఒక పెద్దాయన దగ్గర నెల కిందట పాతది కొన్నాను. వెనక చక్రం. ఊచలుండవు, రెండు వైపులా నల్లగా పళ్ళెంలా మూసేసి ఉంటుంది. గాలిని కోసుకుంటూ పోతుందట. మా వీధివాళ్ళు దానికి 'అప్పడం' అని పేరు పెట్టేశారు. దానితో చిక్కల్లా టైరుకి గాలి కొట్టడమే. మామూలు చక్రానికైతే ఊచల మధ్య వాల్వు చక్కగా చేతికి అందుతుంది. దీనికి మాత్రం రూపాయి బిళ్ళంత కన్నంలో దాక్కుని ఉంటుంది, ఏ పంపు మూతీ అందులో దూరదు. అందుకే పెద్దాయన వేలెడంత ఇత్తడి వంకీ ఒకటి నా చేతిలో పెట్టి, "దీన్ని వాల్వుకి బిగిస్తే రెండో కొస బయటికి వస్తుంది, పంపు దానికి తగిలించాలి. ఏది పోగొట్టుకున్నా ఇది పోగొట్టుకోకు బాబూ" అన్నాడు. ఇనుప కొట్టువాడికా వంకీ గురించి చెబుతున్నాడు అని నవ్వొచ్చింది. తెచ్చి గల్లాపెట్టె పక్కనున్న రేకు డబ్బాలో పడేసి, 'అసలు' పరికరాల ఎంపికలో మునిగిపోయాను. ముల్లు తిరిగే మీటరున్న నిలువు పంపు ఒకటి, జేబులో పట్టే పంపు ఒకటి, నొక్కితే బుస్సుమనే గ్యాసు గొట్టాలు రెండు. రోజూ వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి వరసగా పెట్టుకునేవాణ్ణి. ఒక్కదాన్నీ ఆ చక్రం దగ్గరికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు.

శనివారం కొట్టు తలుపులు తీశానో లేదో సముద్రం అత్త వచ్చింది. (చేపల బుట్టతో తీరం నుంచి వచ్చే ఆవిణ్ణి ఊరంతా అలాగే పిలిచేది.) "బాబూ, తక్కిడి కొక్కెం ఇరిగిపోనాది. ఏటైనా సూడు. బోణీ బేరం, నేదనకు" అంది. మా కొట్టులో మొదటి బేరాన్ని వట్టి చేతులతో పంపడం ఉండదు. మా తాతగారి నాటి నుంచీ అది వేదవాక్కు. కొక్కేలు చూస్తే అయిపోయాయి. ఈలోగా ఆవిడే రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, "ఇదేటి, వొంకరగా, గట్టిగా ఉన్నాది. సరిపోద్ది" అంది. నేను ఆ వంకీని కాగితంలో చుట్టి ఇచ్చి, ఇచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను. ఎంత శుభ్రంగా అమ్మానో చెప్పలేను.

మధ్యాహ్నం చక్రం తీస్తే టైరు మెత్తగా కూర్చుని ఉంది. మూడు రకాల సరంజామా, మూడూ కన్నం దగ్గరే ఆగిపోయాయి. వంకీ కోసం డబ్బాలో చెయ్యి పెట్టాక గానీ పొద్దున అమ్మిందేమిటో తెలిసిరాలేదు. నాన్నగారికి చెబితే, "బోణీ సరుకు ఎనక్కి అడుగుతావేట్రా? కొట్టు మూసుకోవాలనుందా?" అని కళ్ళెర్రజేశారు. అయినా పరుగెత్తాను. ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తని వంశంలో పుట్టి, మొదటిసారి చేపల బజారులో కాలు పెట్టాను. అక్కడ నా వంకీకి తక్కెడ వేలాడుతోంది, తక్కెడలో చేపలున్నాయి. అత్త కూడా నాన్నగారి మాటే అంది. "బోణీ సరుకు ఎనక్కిస్తే నీ కొట్టుకీ మంచిది కాదు, నా బుట్టకీ మంచిది కాదు. సక్రమే ఇక్కడికి అట్టుకురా. బేరం ఆగినప్పుడు కొట్టుకుందువు గాని."

అలా నిలువు పంపూ, అప్పడమూ మోసుకుని చేపల బుట్టల మధ్య గొంతుక్కూచున్నాను. "ఒరే, సావుకారుగారబ్బాయి సేపలకొచ్చినాడ్రోయ్!" అని ఎవడో అరవగానే బజారంతా మూగింది. తల ఎత్తకుండా కొట్టాను. ముల్లు పైకెక్కింది, టైరు రాయిలా అయింది. ఆ ఉత్సాహంలో వంకీని విసురుగా తిప్పేసరికి వాల్వు లోపలి పుల్ల కూడా దానితోపాటు ఊడొచ్చింది. బుస్సు! కొట్టిన గాలంతా పోయింది. "ఏటి బాబూ, సేప తలకాయి తిప్పినట్టు తిప్పీసినావు! అడుగున గట్టిగా అట్టుకోవాల, పైన ఇప్పాల" అని అత్త నా పక్కన కూర్చుంది. మళ్ళీ కొట్టాక తనే రెండు వేళ్ళతో వాల్వు మొదలు పట్టుకుని వంకీ విప్పింది. గాలి పోలేదు. నెల రోజులు నేను మీటరు తుడుస్తూ నేర్చుకోనిది ఆవిడ నిమిషంలో నేర్చేసుకుంది. (ఇంటికెళితే అమ్మ నన్నూ, చక్రాన్నీ కూడా పెరట్లోనే పసుపు నీళ్ళతో కడిగింది.)

ఆదివారం పందెంలో టైరు చివరిదాకా రాయిలాగే ఉంది. నేనే మెత్తబడ్డాను. బావ మూడోవాడు, నేను పదకొండోవాణ్ణి. తిరిగొచ్చే దారిలో బుట్ట దించుకుని నిలబడ్డ అత్త, "గాలి సాల్నేదా బాబూ?" అని నిజంగానే బాధపడింది. "నిండా ఉందత్తా" అన్నాను. "మరేటి?" అంది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

అప్పడం ఇప్పుడు మా డాబా మీద ఉంది, అమ్మ దాని మీద వడియాలు పెడుతుంది. కొన్నాళ్ళకి సముద్రం అత్త బ్యాటరీ కాటా కొనుక్కుంది. ఒక మధ్యాహ్నం కొట్టుకొచ్చి, "ఎనక్కి ఇవ్వడం కాదు బాబూ, ఊరికినే ఇస్తన్నాను" అని వంకీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. దానికి పట్టిన చేపల వాసన ఇంకా పోలేదు. మొన్న తలుపులు తీయగానే వచ్చినాయన డబ్బాలో దాన్ని చూసి, బోణీ బేరం, ఇవ్వమన్నాడు. మా తాతగారు నన్ను క్షమించాలి. లేదన్నాను.