వంక దాటనివ్వని సారు

మా సైన్సు సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. పామిడి అవతల మా ఊళ్ళో ఆ కబురు విని ఏడవనివాళ్ళు లేరు. ఆయన చేతి దెబ్బ తిననివాళ్ళూ లేరు.

మా ఊరి వాగును వంక అంటాం, ఏడాదిలో పదకొండు నెలలు ఉత్త ఇసుక. వాన పడితే చాలు, సారు ఖాళీ సీసాలతో గట్టుకు పరుగెత్తేవారు. గంటకొక సీసా నింపి వరసగా కిటికీలో పెట్టేవారు. మొదటి సీసా డికాక్షన్ కన్నా చిక్కగా ఉండేది. "ఇవి నీళ్ళు కాదప్పా. ఊరి పేడ, చేన్లల్లో కొట్టిన మందు అంతా కడుక్కోని వచ్చిండాది. రెండు దినాలు తాళండి" అనేవారు.

మేము తాళే రకమా? నీటికి మొహం వాచినవాళ్ళం! కొత్తనీళ్ళు వస్తే పసుపు కుంకుమ చల్లి, దోసెడు తాగితేగానీ మాకు తృప్తి ఉండదు. ఒక ఏడాది అట్లాగే నా భార్య, కడుపుతో ఉన్న మనిషి, చీలమండ లోతు నీళ్ళలో దిగి దోసిలి పట్టింది. సారు వెనకనుంచి వచ్చి ఆమె చేతుల మీద ఒక్కటి కొట్టి, రెక్క పట్టుకుని గట్టుకు ఈడ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కు పగిలేలా గుద్దాను. రక్తం కారుతుండగానే ఆయన "పైన కురిసిందిరా! వంక వస్తాండాది, పరిగెత్తు!" అని అరిచారు. మా నెత్తిన ఒక్క చినుకు పడలేదు. పది లెక్కపెట్టేలోగా ఎర్రటి నీళ్ళు గోడలా లేచి, తుమ్మచెట్లతో, చచ్చిన గొర్రెలతో వచ్చి ఆమె నిలబడిన చోటును పెరుక్కుని పోయాయి.

నేను ఆయనను క్షమాపణ అడగలేదు. సిగ్గు. ఇన్నేళ్ళూ ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. ఎదురుపడితే ఆయనే "ఏమప్పా, బిడ్డ బాగుండాదా?" అనేవారు.

మా శ్మశానం వంకకు అవతల. మంగళవారం సాయంత్రం పాడె మోసుకొచ్చేసరికి మోకాటి లోతు బురదనీళ్ళు పారుతున్నాయి. నురగ, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. అట్లా వస్తే వెనకాలే వరద ఉందని సారు చెప్పేవారు. పొద్దు వాలుతోందని అందరికీ తొందర. నిప్పుకుండ పట్టుకున్న ఆయన కొడుకు "మోకాళ్ళ లోతే కదన్నా, దాటుదాం" అంటూ దిగాడు. వద్దురా అన్నాను. వినలేదు. చొక్కా పట్టి వెనక్కి లాగి, తండ్రి శవం ముందరే చెంప పగలగొట్టాను. నిప్పుకుండ పగిలి నీళ్ళలో పడింది. మనుషులు నా మీద పడ్డారు. గుద్దులు తింటుండగానే పైనుంచి హోరు వినిపించింది. కొట్టే చేతులు ఆగిపోయాయి.

పాడెను గట్టు మీద దించాం. వంక ఒక వేపచెట్టును వేళ్ళతో సహా పొర్లించుకుంటూ పోయింది. నేను సారు పక్కన కూలబడి "సారూ, తప్పయిపోయింది" అని ఏడ్చాను. కొడుకు నా వేళ్ళు అచ్చుపడిన చెంపను తండ్రి పాదాలకు ఆనించుకుని, పారే వంకను చూస్తూ కూర్చున్నాడు.