అవ్వ నీడ పడ్డ ఫోటో

మా బాపు ఫోటోను నా మనుమడు బాగు చేయించుకొచ్చాడు. పెద్ద సైజు, మెరిసే అద్దం, అంచుకు బంగారు రంగు. నులక మంచం మీద కూర్చొని బాపు నవ్వుతున్నాడు. ముందున్న నేల మాత్రం ఖాళీ.

"కింద నీడ ఏదిరా?" అన్నాను.

"గా నీడ అడ్డం ఉండె తాతా. కంప్యూటర్ల తీసేపిచ్చిన. ఇగ ఎంత నీట్‌గ ఉన్నదో చూడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు తీసేయించింది మా అవ్వను, బాపును కన్న తల్లిని. ఈ భూమ్మీద ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఫోటో ఆ నీడ.

బాపు నిజాంసాగర్ కాలువ మీద లష్కర్. తూములు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా కనిపెట్టుకొని ఉండడం ఆయన పని. అరవై తొమ్మిదిలో ఒక ఇంజనీరు సారు బాన్సువాడ నుంచి బదిలీ అయి పోతూ తన డబ్బా కెమెరాను బాపు చేతిలో పెట్టిపోయాడు. అప్పటి నుంచి, డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కొని, పొద్దు వాలేలోపు ఒక ఫోటో తీస్తే గాని ఆయనకు చాయ్ దిగేది కాదు. అమ్మ జొన్నరొట్టె కొడుతుంటే ఒకటి. నేను బియ్యం మిల్లు నుంచి తవుడు పట్టిన ముఖంతో వస్తే ఒకటి. గోడ మీద ఆరేసిన గొంగడి, దాని పక్కన చెల్లె.

రోజూ ఫోటో అంటే రోజూ రీలు ఉండేదని కాదు. రీలుకు ఎనిమిది బొమ్మలు. అయిపోతే బోధన్ పోయి కడిగించి, కొత్తది తెచ్చుకోవాలి. అందుకు నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. అయినా ఆ మీట టిక్కుమనడం ఒక్కరోజు ఆగలేదు. లోపల రీలు ఉందో లేదో ఆయన ఒక్కడికే ఎరుక.

"ఖాళీ డబ్బకు నవ్వుమంటవా? గాడ కూర మాడుతుంది" అని అమ్మ కసిరేది.

"రోజు నవ్వుడు అలవాటైతే, రీలున్న దినం మంచిగ వస్తవ్" అనేవాడు బాపు.

తన ఫోటో తానే తీసుకునేవాడు కూడా. కెమెరాను స్టూలు మీద పెట్టి, స్టూలుకు కొట్టిన మేకు చుట్టూ సుతిలి తాడు తిప్పి, ఒక కొస మీటకు కట్టి, రెండో కొస తన చేతిలో పట్టుకొని గుంజేవాడు. ఆ ఫోటోలన్నిటిలో ఆయన కుడిచెయ్యి తొడ పక్కన దాగి ఉంటుంది. గల్లీ అంతా నవ్వింది.

"ఏంది బావా, నీ మొఖం నీకు అద్దంల సాల్తలేదా?" అనేవాడు పక్కింటాయన.

ఆ నవ్విన వాళ్ళ మనుమలు ఇవాళ బస్టాండులో, పెళ్ళి పందిట్లో, ఆఖరికి చావింట్లో కూడా చెయ్యి చాపి తమను తాము తీసుకుంటున్నారు. వాళ్ళను ఎవరూ పిచ్చోళ్ళు అనరు. మా బాపును అన్నారు. నేను మరిచిపోలేదు.

బాపుకు చదువు రాదు. నా బడి అయిదో తరగతితో ఆగింది. ఫోటోల వెనక రాసేది నేనే. తప్పుల మీద తప్పులు రాస్తూ అక్కడే నాకు అక్షరాలు కుదిరాయి. తారీఖు వేయాలా అని అడిగితే, "తారీఖు ఎందుకురా? ఎర్రమేక ఈనిన దినం అని రాయి" అనేవాడు.

ఒక్క అవ్వ మాత్రం ఆయనకు చిక్కలేదు. కెమెరా కనబడితే చాలు, కొంగు ముఖం మీదికి గుంజుకునేది.

"నా మొఖం కాయితం మీదికి ఎక్కిస్తే, రేపు ఎవడో గా కాయితంల మిర్చీలు కట్టిస్తడు. నూనె కారుకుంట నేను అంగడంతా తిరగాల్నా?"

బాపు ఏళ్ళ తరబడి బతిమాలాడు. ఒక సాయంత్రం, అప్పటికి నాకు ఇరవై దాటాయి, ఎర్రమేక పిల్ల ఒకటి అవ్వ ఒళ్ళోకి ఎక్కి ఆమె కొంగు నమలసాగింది. అవ్వ కొంగు వదిలేసి, పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది.

"తీయ్ కొడుకా, దీనితోటి తీయ్. నన్ను తినేటట్టే ఉన్నది!"

బాపు ఉరికొచ్చి మీట నొక్కాడు.

"వచ్చిందారా?"

"వచ్చింది అవ్వా."

నాలుగు దినాలకు ఆయన బోధన్ నుంచి కొత్త రీలు తెచ్చి, అవ్వను మళ్ళీ కూర్చోమన్నాడు.

"మొన్ననే తీస్తివి గదా. ఒక్క మొఖం ఎన్నిసార్లు తీస్తవ్? నువ్వు కూసో, నేను గుంజుతా" అని అవ్వ సుతిలి అందుకొని స్టూలు వెనక నిలబడింది.

బాపు మంచం మీద కూర్చున్నాడు. పొద్దు అవ్వ వెనక ఉంది. నీడ పడుతుంది పక్కకు జరుగు అని మమ్మల్ని రోజూ తిట్టే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. "మెల్లగ అవ్వా, స్టూలు పడ్తది!" అని నవ్వుతుండగానే ఆమె గుంజేసింది.

ఆ నాట్లప్పుడే అవ్వ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే.

దినాలకు గోడకు పెట్టడానికి ఫోటో కావాలి. నేనే బోధన్ పోయి రీలు కడిగించుకొచ్చాను. ఎనిమిది ఫోటోలూ రెండుసార్లు తిరగేశాను. మేకపిల్లతో నవ్విన అవ్వ వీటిలో లేదు, అంతకు ముందు కడిగించిన వాటిలోనూ లేదు.

"గా ఫోటో ఏది బాపూ?"

ఆయన నేల చూశాడు. "గా దినం రీలు లేకుండె."

"మరి వచ్చిందంటివి గదా!"

"లేదంటే, మళ్ల మొఖం చూపియ్యదని భయపడ్డరా."

"ఖాళీ డబ్బ నొక్కి నొక్కి ఆఖరికి ఆమెను గూడ మోసం చేసినవ్" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అవి రాయను.

ఆయన ఫోటోల్లోంచి తనదే ఒకటి తీశాడు. అందులో ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. ముందు నేల మీద, తలమీద కొంగుతో, ఒక చెయ్యి వెనక్కి గుంజిన మనిషి నీడ.

"ఇగో, ఇందుల ఉన్నది. వెనక అవ్వ అని రాయి."

కోపం మీద 'బాపు' అని రాశాను.

"అవ్వ అని రాసినవా?"

"రాసిన."

ఆయన ఆ అక్షరాలను వేలితో తడిమి తల ఊపాడు.

ఆ ఫోటోకే ఫ్రేము కట్టించి, నీడ తల దగ్గర అద్దం మీద బొట్టు పెట్టి దండ వేశాడు. దినాలకు వచ్చినవాళ్ళు గుడ్లు తేలేశారు.

"బావా, బతికుండంగ నీ ఫోటోకు నువ్వే దండేసుకుంటివి, మా అక్క ఏం గావాలె?" అన్నాడు పక్కింటాయన.

అమ్మ ఏడుస్తూ దండ తీసేసింది. "గది నాకు కాదు, మా అవ్వకు" అని బాపు మళ్ళీ వేశాడు. చివరికి అమ్మే ఒక దారి చూసింది. దండను కిందికి జార్చి, నీడ ఉన్న మేరకే చుట్టింది. ఎనభైల చివర్లో బాపు పోయినప్పుడు దాన్ని పైకి జరిపిందీ ఆమే.

ఇదంతా చెప్పి మనుమడిని చెడామడా తిట్టాను. వాడు ఫ్రేములోంచి తీసిన పాత ఫోటోను తిప్పి నా ముందు పెట్టాడు.

"నాకేమెరుక తాతా? వెనక బాపు అనే ఉన్నది గదా."

నా రాతే. కోపం చల్లారాక దిద్దుదామనుకున్నాను. అప్పటికే ఫోటో ఫ్రేములో బిగిసిపోయింది, నేనూ విప్పలేదు.

పెన్ను అడిగి తీసుకున్నాను. పాత కాగితం మీద సిరా పట్టలేదు. రెండుసార్లు దిద్ది, 'బాపు' పక్కన 'అవ్వ' అని రాశాను.

"పో, మళ్ల చేపియ్యి" అన్నాను వాడితో. "నీడతోటి."