క్యారియర్ నిండా సముద్రపు గవ్వలు

దొరలు వెళ్లిపోయి పదేళ్లు దాటినా, కోట ఊరి దగ్గర సముద్రం ఒడ్డున నేను మేనేజరుగా ఉన్న ఈ బసను అందరూ ఇంకా దొరల బంగళా అనే అంటారు. ఈ మధ్యాహ్నం ఇక్కడి నుంచి ఒక రైతు జంట వెళ్లిపోయింది. ఆత్మకూరు వైపు వాళ్లు. ఆయన జబ్బుపడి లేస్తే, డాక్టరు సముద్రపు గాలి మంచిదన్నాడట. ఆమె సముద్రాన్ని చూడటం ఇదే మొదటిసారి.

మా వంటమనిషి మస్తాన్ వాళ్ల గదికి రోజూ క్యారియర్‌లో భోజనం పంపేవాడు. ఆమె దాన్ని ఒక్కరోజు కూడా ఖాళీగా తిప్పి పంపలేదు. ఒకనాడు కరకరలాడే మనుబూలు, ఒకనాడు ఆవకాయ, ఒకనాడు ఇంటి బియ్యం. బసకు వచ్చినవాళ్ల దగ్గర ఏమీ తీసుకోవద్దని మస్తాన్‌ను రెండుసార్లు కసిరాను కూడా.

ఈ రోజు క్యారియర్ ఆమే తెచ్చింది. మూత తీస్తే, ఒడ్డున ఏరి శుభ్రంగా కడిగిన గవ్వలు!

“ఊర్నించి తెచ్చినవన్నీ అయిపొయినాయి మస్తానన్నా. వొట్టి గిన్నె ఎట్టా ఇచ్చేది?” అంది సిగ్గుపడుతూ.

మస్తాన్ ఆమె చేతిలోని ఖాళీ సంచీ తీసుకుని వంటింట్లోకి పోయి, కొబ్బరికాయలతో, నిమ్మకాయలతో నింపుకొచ్చాడు. నేను అడ్డుచెప్పేలోపే, “అక్కను వొట్టి సంచీతో ఎట్టా పంపేది సార్?” అన్నాడు.

ఇచ్చిపుచ్చుకోవడాలు కూడదని గోడకు నోటీసు అంటించింది నేనే. ఆ బరువు సంచీని బస్సు దాకా మోసిందీ నేనే. రేపు ఆ నోటీసు చించెయ్యనా, సముద్రపు గాలికి అదే ఊడిపోయేదాకా ఆగనా? మీరే చెప్పండి.