రేపటి పులుసు

డబ్బా మూతలోకి బ్లేడు దిగగానే ముందు చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు వస్తుంది. ఆ వెనకే వాసన. ఉప్పు, నూనె, ఇనుము, వాటన్నిటి అడుగున ఎక్కడో సముద్రం. ఈ సాయంత్రం వంటింట్లో ఆ చప్పుడు వినగానే నా చెయ్యి ఆగిపోయింది. మా ఆయనకి కాంట్రాక్టు పని ఆగిపోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో తాజా చేప మాట లేదు. నిన్న ఆయన కానాగంత చేపల డబ్బాలు రెండు తెచ్చాడు. ఒకదానికి అంచున నొక్కు పడి ఉంది. ఆయన చూస్తుండగానే దాన్ని చెత్తబుట్టలో వేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. రెండోదాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసి, మూతని బొటనవేలితో నొక్కి, తారీఖు చదివి, మళ్ళీ నొక్కి, అప్పుడు తెరిచాను. అలా నొక్కి చూడడం నాకు నేర్పిన మనిషి పేరు సువార్తమ్మ. మేము సువార్తత్త అనేవాళ్ళం.

భిలాయి ఉక్కు ప్లాంటు దగ్గర, రిసాలిలో కంపెనీ క్వార్టర్లు అయిపోయిన చోట రేకుల కప్పు ఇళ్ళ వరస ఒకటి ఉండేది. అందులో మాదొకటి, పక్కది ఆవిడది. మధ్యలో గోడ ఒక్కటే. ఇటు మా నాన్న దగ్గితే అటు నుంచి "ఏటి బాబూ, నీళ్ళు కావాలా?" అని వినిపించేది. నాన్న ప్లాంటులో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఒకరోజు పని కోసం కట్టిన మంచె మీద నుంచి పడ్డాడు. నడుము విరిగి మంచానికి అంటుకుపోయాడు. కాంట్రాక్టరు ఒకసారి పళ్ళు పట్టుకుని చూడవచ్చాడు, మళ్ళీ రాలేదు. అమ్మ వైశాలి నగర్‌లో రెండిళ్ళలో వంటకి కుదిరింది. తెల్లవారకముందే టెంపో ఎక్కి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేది. నేనూ, నాకన్నా చిన్నదైన మా చెల్లి పద్మా బడి నుంచి నేరుగా సువార్తత్త గుమ్మంలోకి వెళ్ళేవాళ్ళం. అలా వెళ్ళమని మాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు మా ఇంటి పొయ్యి మీద ఏమీ లేదని గోడ అవతల నుంచే ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది.

"ఏటే పెద్దగుంటా, గుమ్మంలో నిలబడిపోనావు? లోపలికి రా. డబ్బాలో చేప కరవదు."

నేను పెద్దగుంటని, పద్మ చిన్నగుంట. ఆవిడ అప్పటికి యాభై దాటిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఒక బడిలో ఆయాగా చాలాకాలం పనిచేసి, మోకాళ్ళ నొప్పులతో మానేసింది. గోడ మీద ఒక సిలువ, దాని కింద ఆ బడి పిల్లలతో తీయించుకున్న ఫొటో. తమ్ముడు ప్రకాశం విశాఖపట్నం హార్బరు దగ్గర చేపలు డబ్బాలకెత్తే ఒక షెడ్డులో కూలీ. సొట్టలు పడి, చీటీలు చిరిగి, బజారుకి వెళ్ళని డబ్బాలు పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోయేవారట. ప్రకాశం అక్కని చూడడానికి రైల్లో వచ్చినప్పుడల్లా గోనెసంచిలో అవి తెచ్చేవాడు. ఆవిడ వాటిని రేకుల కిందున్న అటక మీద వరసగా పేర్చుకునేది. బిడ్డల్ని పడుకోబెట్టినట్టు పక్కపక్కనే.

"అత్తా, ఈ చేపకి తల ఏదీ?" అని అడిగింది పద్మ మొదటిసారి డబ్బాలోకి తొంగిచూసి.

"తల దొరగారు తినీసినాడే. మనకి మొండెం ఒదిలీసినాడు."

"దొరగారు ఎవరు?"

"డబ్బా కనిపెట్టినోడు. నోర్మూసుకోని ఉల్లిపాయలు ఒలు."

ఒక డబ్బా మా అందరికీ ఎన్నిసార్లు అన్నంలోకి వచ్చేదో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ముందు డబ్బాలోని నూనెని గిన్నెలోకి వంచేది. అది తోటకూర తాలింపుకి. ఆ పూట ఒట్టి ఆకుకూరే అయినా ఇల్లంతా చేప వండినట్టే ఉండేది. మంచంలో ఉన్న నాన్న గోడ అవతల నుంచి "ఈ రోజేటి చేపా?" అని అడిగేవాడు. చేప ముక్కలు పులుసులోకి. పులుసంటే అందులో చేప కన్నా వంకాయ, బెండకాయ, ములక్కాడ ఎక్కువ. చేప ఎక్కడో తగిలేది, తగిలినప్పుడు పద్మ అరిచేది. డబ్బాలో ఉడికిపోయి మెత్తబడిన ముళ్ళని పారేయనిచ్చేది కాదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయించి వాటితో కలిపి రోట్లో నూరితే పచ్చడి. అడుగున మిగిలిన పొడిని ఉడికించిన బంగాళాదుంపలో మెదిపి, బియ్యప్పిండి అద్ది పెనం మీద కాల్చేది. మేం టిక్కీ అనేవాళ్ళం, ఆవిడ ససేమిరా గారె అనేది. చివరికి ఖాళీ డబ్బాలో వేడి గంజి పోసి, తిప్పి, అది కూడా చారులోకి వంచేది. అప్పుడు గాని ఆ డబ్బా బయటికి వెళ్ళేది కాదు.

కాని మాకు నచ్చనిది ఒకటుండేది. డబ్బా తెరిచిన సాయంత్రం ఆవిడ మాకు చేప పెట్టేది కాదు. తెరిచిన వెంటనే ఒక ముక్క తీసుకుని, ఉడికించకుండా, ఉప్పయినా అద్దకుండా, పళ్ళెంలో కాస్త అన్నం పెట్టుకుని మా ఎదుటే కూర్చుని తినేది. నెమ్మదిగా, కళ్ళు దించుకుని. మిగతాది పులుసు పెట్టి, మూత వేసి, మూత మీద రోకలి పెట్టేది.

"మాకూ పెట్టు అత్తా" అని పద్మ పళ్ళెం తట్టేది.

"పులుసు రేపటికి బాగుంటాది. ఈ రోజు తింటే ఏటుంటాది, పులుపు ముక్కకి పట్టొద్దేటి?"

"మరి నువ్వు తినేస్తున్నావుగా?"

"నాకు ఆకలెక్కువే. బళ్ళో ఆయా పనిచేసినప్పట్నించీ ఇదే అలవాటు. ముందు నాను తినాల."

ఒకసారి నేను, ఆ ముక్కనైనా పులుసులో వేసుకుని తినొచ్చు కదా అన్నాను. "పులుసులో వేసీసినాక ఏటి తెలుస్తాది? చింతపండూ మిరపకాయా అన్నీ కప్పెట్టెస్తాయి. చప్పిడిగా తింటేనే చేప నిజం చెప్తాది" అంది. రుచి గురించి చెబుతోందనుకున్నాను.

మా అమ్మకి ఈ సంగతి పద్మ చెప్పింది. మా అమ్మ పుట్టి పెరిగిన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి, గిన్నెలు గీకి, చివర తింటారు. పిల్లలకి పెట్టకుండా ఒక ఆడది ముందు కూర్చుని తినడం అమ్మకి వినడానికే చెవులు కోసేసినట్టుంది. పైగా ఆ ఇంటి తిండి మీద మేం బతుకుతున్నామన్న అవమానం లోపల ఎక్కడో ఉడుకుతూనే ఉంది. ఆ రాత్రి గోడకి వినబడేలాగే అంది.

"గుంటలు నోళ్ళు తెరుచుకోని చూస్తంటే ముందు తాను తినీసే మనిషిని నా పుట్టుకలో చూళ్ళేదు. ఆవిడే ముందు తింటదంట!"

"ఊరుకోవే. పెడతన్నాది కదా" అన్నాడు నాన్న.

గోడ అవతల గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. మర్నాడు సువార్తత్త అమ్మతో మామూలుగానే మాట్లాడింది. "అమ్మీ, టెంపో తప్పిపోద్ది, బేగి ఎల్లు. గుంటల సంగతి నాను చూస్తాను." అంతే. అమ్మ మాత్రం ఆ మాట మానలేదు. కొళాయి దగ్గర ఎవరైనా సువార్తమ్మ మంచిదంటే, "మంచిదే, ఆవిడ ముందు తింటది" అనేది. వరసలోని ఆడవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ చెవిన పడకుండా ఉంటుందా.

ఆ వేసవి భిలాయిలో రేకుల కింద కూర్చోలేకపోయాం. మధ్యాహ్నం అటక మీద చెయ్యి పెడితే కాలేది. ఒక సాయంత్రం ఆవిడ అటక మీద నుంచి డబ్బాలు దింపి ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కింది. మూత లోపలికీ బయటికీ టక్కుమని ఆడితే పక్కన పెట్టేసింది. "ఇది ఉబ్బినాది. ఇదీ ఉబ్బినాదే. ఉబ్బినదాన్ని కుక్కక్కూడా పెట్టకూడదు, తెలిసిందా?" నా వేలు పట్టుకుని ఒక డబ్బా మీద నొక్కించింది. ఇంక బాగున్నవి కొన్నే మిగిలాయి. అందులోంచి ఒకటి తెరిచింది. ఎప్పటిలాగే చప్పిడి ముక్క తింది. ఎప్పటిలాగే పులుసు పెట్టి మూత మీద రోకలి పెట్టింది.

మర్నాడు పొద్దున బడికి వెళ్తూ చూస్తే గుమ్మంలో కూర్చుని ఉంది. "పెద్దగుంటా, మీ చెల్లి ఇద్దరున్నారేటే?" అంది. వేళాకోళం అనుకుని నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

మధ్యాహ్నం వచ్చేసరికి ఆవిడ పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక కన్ను రెప్ప వాలిపోయి ఉంది. ఏదో అంది, మాట ముద్దగా వచ్చింది, నాకు అర్థం కాలేదు. పద్మకి ఆకలి. అలవాటుగా రోకలి తీసి, మూత తీసి, చద్దన్నంలో గరిటెడు పులుసు వేసుకుంది. మొదటి ముద్ద కలుపుతోంది. సువార్తత్త చేతుల మీద పాకుతూ వచ్చి ఆ పళ్ళేన్ని ఒక్క దెబ్బ కొట్టింది. అది గోడకి తగిలి మోగింది. పద్మ ఏడుపు లంకించుకుంది. ఆవిడ అక్కడితో ఆగలేదు. పులుసు గిన్నెని రెండు చేతులా పట్టుకుని గుమ్మందాకా ఈడ్చి బయట మట్టిలోకి బోర్లించింది. పులుసంతా మట్టి తాగేసింది. చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు. "పాగల్ హో గయీ క్యా?" అన్నారెవరో. పిచ్చెక్కిందేమోనని. తాగిందేమో అని ఇంకొకరు. ఆవిడ ఆ బోర్లించిన గిన్నె పక్కనే పడుకుని, నోట్లో ఉమ్మి మింగలేక, నన్నూ పద్మనీ మార్చి మార్చి చూస్తూ వేలు అటూ ఇటూ ఊపింది. తినొద్దని.

కబురందుకుని అమ్మ పనిలోంచి పరుగున వచ్చింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎవరికీ అప్పగించలేక మమ్మల్నీ వెంటబెట్టుకుంది. డాక్టరు హిందీలో అడిగాడు, ఏం తిన్నది, ఇంకెవరెవరు తిన్నారు అని. అమ్మ డబ్బా సంగతి చెప్పింది.

"పిల్లలు తిన్నారా?" ఆయన గొంతు పెరిగింది.

"నహీ" అంది అమ్మ. "వో పహలే ఖాతీ హై."

ఆవిడ ముందు తింటది. కొళాయి దగ్గర రోజూ అనే మాటే. హిందీలో అనేసరికి అమ్మకి అదే మొదటిసారి వినిపించినట్టుంది. వెనక్కి తగ్గి, బెంచీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చోబోయి నేల మీద కూలబడింది. పద్మని ఒళ్ళోకి లాక్కుని దాని నోరు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అందులో ఏమీ లేదు. అయినా తుడుస్తూనే ఉంది.

సువార్తత్తకి తరువాత ఊపిరి అందలేదు. కొన్ని రోజులు యంత్రం మీద ఉంచారు. ప్రకాశం వచ్చేసరికి ఆవిడ కళ్ళు తెరవలేని స్థితి. వినబడుతుందన్నారు. అమ్మ రోజూ వెళ్ళి పక్కన కూర్చుని, "గుంటలు బాగున్నారు వదినా, తిన్నారు వదినా" అని చెప్పి వచ్చేది. అంతకుముందు ఎన్నడూ వదినా అని పిలవలేదు. ఆవిడ పోయాక ప్రకాశం అటక మీద మిగిలిన డబ్బాలన్నీ ఊరవతల గొయ్యి తీసి పాతేశాడు. ఆ మనిషి మా వంక చూడలేకపోయాడు, మేము ఆయన వంకా అంతే. అమ్మ ఒక ఇంటి పని మానుకుని మధ్యాహ్నాలు మాకోసం రావడం మొదలుపెట్టింది. మా ఇంట్లో చాలాకాలం రోజుకి ఒక పూటే పొయ్యి వెలిగింది. నాన్న మళ్ళీ గోడ అవతలికి ఏ చేపా అని అడగలేదు.

కాలేజీలో చదువుకునే రోజుల్లో నేను ఈ జబ్బు గురించి వెతికి చదివాను. చదవకుండా ఉంటే బాగుండేదేమో. ఒకటి రెండుగా కనిపించడం దాని మొదటి గుర్తుల్లో ఒకటట. ఆ విషం మూత ఉబ్బకుండా కూడా ఉండగలదట. రుచికీ వాసనకీ దొరకకపోవచ్చట. బాగా మరిగిస్తే మాత్రం చాలావరకు విరిగిపోతుందట. అంటే మట్టిలో పోసిన ఆ పులుసు మమ్మల్ని ఏమీ చేసి ఉండేది కాదేమో. పులుసులోని ముక్కే తిని ఉంటే ఆవిడా బతికేదేమో. నిజం చెప్పించడానికి చప్పిడిగా తింది. ఆ పరీక్షే ఆవిడని చంపింది. ఇది అమ్మకి నేను ఇప్పటికీ చెప్పలేదు.

మా అమ్మాయి వెళ్ళే అంగన్‌వాడీలో పిల్లలకి పెట్టేముందు దీదీ ఒక చెంచాడు కిచిడీ తాను నోట్లో వేసుకుంటుంది. నియమమట. మొదటిరోజు అది చూసి నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. బళ్ళో ఆయా పనిచేసినప్పట్నించీ ఇదే అలవాటని ఆవిడ మాకు చెప్పనే చెప్పింది. మేమే వినలేదు.

నా భయం ఒకటే. సువార్తత్త వెనక ఆమె కోసం చూసే పిల్ల లేదు. నా వెనక ఉంది. ముందు తిన్న మనిషి పోతే ఆ తరువాత పెట్టేదెవరు? మేమది అనుభవించినవాళ్ళం. అందుకే అనుమానం ఉన్నదాన్ని పారేస్తాను, ఆయన ముఖం చిన్నబోయినా సరే. బాగున్నదాన్ని కూడా పులుసు తెర్లి తెర్లి కాగేదాకా వదలను. ఇదంతా చదువు నేర్పింది. ఇంత చేశాక కూడా ఈ సాయంత్రం, కాగిన పులుసులోంచి ఒక ముక్క వేసుకుని, పళ్ళెం ఒక్కటే పెట్టుకుని నేను కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది.

"మమ్మీ, ఆప్ అకేలే ఖా రహీ హో?" అంది. ఒక్కదానివే తింటున్నావా అని. దానికి తెలుగు అర్థమవుతుంది, నోటికి హిందీయే వస్తుంది.

"పులుసు రేపటికి బాగుంటుంది నాన్నా" అన్నాను.

అది మూతి ముడుచుకుని వెళ్ళి పప్పన్నం తింది. ఇప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ నిద్రపోతున్నారు. పొయ్యి మీద గిన్నెకి మూత ఉంది. మా ఇంట్లో రోకలి లేదు, నీళ్ళ చెంబు పెట్టాను. రాస్తూ రాస్తూ మధ్యలో తలెత్తి ట్యూబులైటు వంక చూస్తున్నాను. ఒకటే ఉంది. అక్షరాలు కూడా ఇంతవరకూ ఒక్కటిగానే కనిపిస్తున్నాయి.