ఫ్యాన్ ఆపేసిన గది

మా ఆయన ఇంట్లో చేసిన చివరి పని, చక్కెర డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. "అడుగంటింది. వచ్చేటప్పుడు తెస్తాలే," అని చెప్పులేసుకున్నారు. మధ్యాహ్నం ప్రయోగశాలలోనే గుండె ఆగిపోయింది.

ఊపడం ఉద్యోగం అంటించిన అలవాటు. సన్నటి పొడవాటి గొట్టం నిండా చిన్నా పెద్దా గాజు గోళీలు పోసి, ఊపి, బల్ల మీద పడుకోబెట్టేవారు. ఆ ప్రయోగశాల నడిపే మేడమ్ ఒక కొస నుంచి శబ్దం పంపి, రెండో కొసన మైకు దగ్గరికి ఎంత చేరిందో కొలిచేది. మళ్ళీ ఊపడం, మళ్ళీ కొలవడం. రోజంతా తలుపులు మూసుకుని ఇద్దరే.

ఇంటికొస్తే మాత్రం ఆయన నోరు పెగిలేది కాదు. "వదినా, అన్నయ్య మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతున్నాయేమో!" అని ఆడపడుచు నవ్వేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ అందంగా ఉంటుందా అన్న ప్రశ్న ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిందో!

ఒకసారి ఉండబట్టలేకపోయాను.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారండీ మీరిద్దరూ?"

"పనే."

"ఆ పనేదో నాకు చెబితే అరిగిపోతారా?"

ఆయన నవ్వి, నేను కథ రాసి పారేసిన కాగితం చుట్టి, అందులో శనగలు పోశారు. "ఇవి అడ్డదిడ్డంగా ఉన్నాయా? శబ్దం ప్రతిదానికీ కొట్టుకుని కొంత వెనక్కొస్తుంది. వచ్చేదీ పోయేదీ కలగాపులగమై మొదట్లోనే ఇరుక్కుపోతుంది. గొట్టం పొడవయ్యేకొద్దీ బయటపడేది తగ్గిపోతుంది. కానీ ఎప్పుడో ఓసారి, ఒక్క శ్రుతి మాత్రం అడ్డే లేనట్టు అవతలికి దూసుకుపోతుందే! మళ్ళీ ఊపామా, అది పోయె."

ఆయన నాతో ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే. వెలిగిపోతున్న ఆ మొహం చూసి, ఆవిడతో చెప్పి చెప్పి నలిగిన ముచ్చటే నాకు పెడుతున్నారనుకున్నాను. "శనగలు కింద పడుతున్నాయి, చూసుకోండి," అన్నాను.

ఆయన పోయాక మేడమ్ ఆయన కళ్ళజోడు, క్యారేజీ తీసుకుని ఇంటికొచ్చింది. నెరిసిన జుట్టు, నలిగిన చీర. నేను ఇన్నేళ్ళూ కుళ్ళుకున్న మనిషి ఈవిడేనా అనిపించింది. అయినా అడిగాను.

"మీతో ఏమేం చెప్పేవారండీ?"

ఆవిడ తెల్లబోయింది. "మైకు పెట్టాక ఆ గదిలో ఎవరమూ మాట్లాడమమ్మా. ఫ్యాన్ కూడా ఆపేస్తాం. అంతా చేతి సైగలే. ఇంటికెళ్ళి నీతో తనివితీరా మాట్లాడతారు కాబోలని నాకే ఈర్ష్యగా ఉండేది."

శనగల సంగతి చెప్పాను.

"అవునా!" అంది కళ్ళజోడు నా చేతిలో పెడుతూ. "ఆ పనంటే ఆయనకి ఇష్టమని నాకు తెలియనే తెలియదు."